తిథి లేదన్న పేజీ

వరహాలక్ష్మి ఎడమ చేత్తో ఫోను పట్టుకుని, అందులోని ఫొటో చూస్తూ, కుడి చేతి చూపుడువేలితో ఒక్కో అక్షరం కంప్యూటర్లో కొడుతోంది. ఫొటో పొద్దున్నే జంగారెడ్డిగూడెం నుంచి శ్రీదుర్గ పంపింది. ఫోన్లో కనబడే పేజీని పైనున్న వెబ్ చిరునామాతో సహా తీసి పంపమని వరహాలక్ష్మే అడిగింది. ఆ చిరునామాను తనకు గుర్తున్నట్టు కాదు, ఉన్నది ఉన్నట్టు కొట్టాలి. ఒక్క గీత అటూ ఇటూ అయితే వెతుకులాటంతా వేరే దారిన పోతుందని ఆమెకు అనుభవమే.

చివరి అంకె కొట్టి ఎంటర్ నొక్కింది. పసుపు రంగు అంచుతో పేజీ వచ్చింది.

"నమస్కారం. ఈ మాసంలో మీ ఇంట తిథి ఏదీ లేదండి."

ఆ వాక్యం ఆమె రాసిందే. చివరి 'అండి' కూడా ఆమె పెట్టిందే. దాన్ని చూస్తూ ఉండగా పొద్దుటి ఫోను మళ్ళీ చెవిలో వినబడింది.

"నేను చదవడం తప్పా అని అడుగుతున్నానంతే, అక్కయ్యగారూ," అంది శ్రీదుర్గ. పక్కగదిలో ఎవరో ఉన్నట్టు గొంతు బాగా తగ్గించి మాట్లాడింది. "అత్తగారి తద్దినం జ్యేష్ఠంలో అని తెలుసు గాని, ఏ తిథో నాకెప్పుడూ గుర్తుండదు. ఏటా పేజీ చెప్పిన రోజుకి ఆయన సెలవు పెడతారు. ఈ ఏడు లేదు లేదనే వచ్చింది. అధిక మాసం కదా, ఆషాఢంలోకి జరిగిందేమో అనుకున్నాను. మా ఆడపడుచు పాపాయి వదిన రాజమండ్రి నుంచి ఆయనకి ఫోన్ చేసి, అమ్మ తద్దినం ఎలా జరిగిందిరా అని అడిగితేగాని తెలియలేదండి, ఆ పొద్దుటే దశమి వెళ్ళిపోయిందని."

"ఉదయ్ గారేమన్నారమ్మా?"

"ఏమీ అనలేదండి. అదే బాధ. ఎనిమిది రోజుల్నుంచి నాతో మాట్లాడ్డం లేదు. నిన్న ఆ వదినే స్వయంగా వచ్చింది. ఎమ్మే చదివావు, నాలుగు అక్షరాలు చదివి మొగుడికి చెప్పలేకపోయావా అంది. అందుకని అడుగుతున్నాను. నేనే తప్పు చదివానంటే చెప్పెయ్యండి, ఒప్పేసుకుంటాను."

చూసి చెబుతానని అప్పటికి ఫోను పెట్టేసింది వరహాలక్ష్మి.

మండపేటలో పురోహితులు గోపాలకృష్ణమూర్తిగారి భార్య ఆమె. ఇంటర్ అయ్యాక పంతొమ్మిదేళ్ళకు ఈ ఇంట్లో అడుగుపెట్టింది. అప్పటికి ఇంట్లో ఉన్న విలువైన వస్తువు మామగారి తిథుల పుస్తకం. మూడు వందల ఇళ్ళు, ఒక్కో ఇంట ఎవరు ఏ మాసంలో ఏ తిథినాడు పోయారో అందులో ఉండేది. అది చెదలు పట్టబోతే ఆమె కొత్త పుస్తకంలోకి ఎక్కించింది. పదేళ్ళకు ఆ పుస్తకమూ నలిగింది. అప్పుడు మేడ మీద అద్దెకుండే పావని అనే ఇంజినీరింగ్ కాలేజీ లెక్చరరు, కాలేజీవాళ్ళు తీసేస్తున్న పాత కంప్యూటరు ఒకటి ఇప్పించి, రెండు నెలల పాటు సాయంత్రాలు కూర్చోబెట్టి నేర్పింది. ఇల్లు ఖాళీ చేస్తూ పుస్తకాలు ఇక్కడే వదిలేసి వెళ్ళింది. ప్రోగ్రాములు జావా అనే కంప్యూటరు భాషలోనే ఎందుకు రాశారని ఎవరైనా అడిగితే, పావని వదిలేసిన పుస్తకాలు జావావి కాబట్టి అంటుంది వరహాలక్ష్మి. అంతకు మించిన కారణం లేదు.

మూడేళ్ళు తంటాలు పడి తిథుల సైటు నిలబెట్టింది. ఒక్కో ఇంటికి ఒక నంబరు. ఆ ఇంటివాళ్ళు తమ మాసం పేరున్న లింకు ఫోన్లో దాచుకుంటే చాలు, ఆ మాసంలో తిథి ఏ తారీఖున పడిందో చెబుతుంది. కింద 'రండి' అని ఒక బొత్తాం. అది నొక్కితే గోపాలకృష్ణమూర్తిగారి జాబితాలోకి పేరు ఎక్కుతుంది. నొక్కని ఇళ్ళకు ఆయన ఫోన్ చేయరు. ఊళ్ళు మారినవాళ్ళు అక్కడి పురోహితులతో చేయించుకుంటూ ఉంటారు, మనం ఫోన్ చేసి పిలుస్తారా అని అడిగితే బాగుండదని ఆయన పద్ధతి.

ఈ లెక్కన శ్రీదుర్గ భర్త ఉదయ్‌భాస్కర్ పేరు జాబితాలో లేకపోతే గోపాలకృష్ణమూర్తిగారికి అనుమానం రాలేదు. ఆ బొత్తాం ఉండే పేజీ అసలు ఆ ఇంటికి వెళ్ళనే లేదని ఎవరికి తెలుస్తుంది?

వరహాలక్ష్మి ముందు సమాచారం సరిగా ఉందో లేదో చూసింది. నూట పన్నెండో ఇల్లు, ఉదయ్‌భాస్కర్, జంగారెడ్డిగూడెం, లెక్కల మాస్టారు, తల్లి, జ్యేష్ఠ శుద్ధ దశమి. అంతా ఉంది. తర్వాత సర్వరు ఆపి మళ్ళీ మొదలుపెట్టింది. ఏమీ మారలేదు. మారదని తెలుసు, అయినా తేలిక పనులు ముందు చేసేయాలి. ఆ తర్వాత సైటు మొదటి పేజీకి వెళ్ళి, నూట పన్నెండు అని కొట్టి, ఈ మాసం ఎంచుకుంది. తిథి వచ్చింది. తారీఖుతో సహా శుభ్రంగా వచ్చింది.

ఆమె కుర్చీలో వెనక్కి జరిగింది. ఒకటే ఇల్లు. ముందు గుమ్మంలోంచి వెళితే తిథి ఉంది, శ్రీదుర్గ ఫోన్లో ఉన్న దారిన వెళితే లేదు. రెండు చిరునామాలూ ఒకదాని కింద ఒకటి కాయితం మీద రాసుకుంది. మొదటిదాంట్లో మాసం పేరు 'నిజ జ్యేష్ఠ' అని ఉంది, అంటే అధికం తర్వాత వచ్చే అసలు జ్యేష్ఠం. శ్రీదుర్గ పంపినదాంట్లో ఉత్త 'జ్యేష్ఠ' అని ఉంది.

ఆ రెండు మాటల కిందా గీత గీసింది.

జావా సైట్లలో ఒక ఫైలు ఉంటుంది. ఏ చిరునామాతో వచ్చినవాళ్ళను ఏ ప్రోగ్రాము దగ్గరికి పంపాలో అందులో వరసగా రాసి ఉంటుంది. వరసలో లేని చిరునామాతో ఎవరైనా వస్తే, పేజీ దొరకలేదని 404 అనే అంకె వేసి వెనక్కి పంపేస్తుంది. వరహాలక్ష్మి ఆ ఫైలు తెరిచింది. చైత్రం ఉంది, వైశాఖం ఉంది, అధిక జ్యేష్ఠం, నిజ జ్యేష్ఠం, తర్వాత ఆషాఢం. ఉత్త జ్యేష్ఠం లేదు.

ప్రతి మార్పూ రాసుకునే పొడుగు పుస్తకం ఒకటి ఆమె దగ్గర ఉంది. వెనక్కి తిప్పింది. ఉగాది తర్వాత మూడో రోజున ఆమె చేతిరాత: 'జ్యేష్ఠ తీసేసి అధిక, నిజ అని రెండు పెట్టాను. చూశాను. సరే.'

చూసింది నిజమే. తను కొత్తగా పెట్టిన దారులు చూసింది. జనం ఫోన్లలో ఏళ్ళ తరబడి దాచుకున్న పాత దారి ఏమైందో చూడలేదు.

అంతటితో ఆగినా కొంత నయమే. 404 అని నల్లటి ఇంగ్లీషు పేజీ వచ్చి ఉంటే, ఇదేదో పాడైందండీ అని శ్రీదుర్గ ఆ రోజే ఫోన్ చేసేది. కాని ఆ ఇంగ్లీషు పేజీని మూడేళ్ళ కిందట వరహాలక్ష్మే తీసేసింది. పోయిన పెద్దవాళ్ళ తిథి కోసం వచ్చిన మనిషికి 'దొరకలేదు' అని మొహం మీద చెప్పడం ఆమెకు మనస్కరించలేదు. ఇంటికొచ్చిన వాళ్ళతో అలా మాట్లాడతామా? పేజీ దొరకలేదంటే ఆ మాసంలో తిథి లేదనే కదా అర్థం అనుకుని, నమస్కారం పెట్టి, పసుపు అంచు వేసి, మర్యాదగా లేదండి అని రాసింది. చూసినవాళ్ళంతా బాగుందన్నారు. సర్వరు పాడైనా, దారి తప్పినా, తను పొరపాటు చేసినా, ఆ పేజీ అదే నవ్వు మొహంతో అదే అబద్ధం చెబుతుందని ఆమెకు తట్టలేదు.

ఫైల్లో పాత జ్యేష్ఠం వరస మళ్ళీ చేర్చి, నిజ జ్యేష్ఠం చూసే ప్రోగ్రాముకు కలిపింది. సర్వరు ఆపి, మొదలుపెట్టి, శ్రీదుర్గ చిరునామా కొట్టింది. నమస్కారం, తిథి ఏదీ లేదండి. చేసిన పని మళ్ళీ చూసుకుంది. తొందరలో మాసం పేరు రాసి అక్కడితో ఆపేసింది. అలా రాస్తే సరిగ్గా ఆ పేరు ఒక్కటే వచ్చినప్పుడు పని చేస్తుంది. పేరు వెనకాల ఇంటి నంబరు ఉంటే ఒప్పుకోదు. చివర ఒక స్లాష్, ఒక స్టార్ పెట్టాలి, వెనక ఏమున్నా సరే రమ్మని. పెట్టింది. ఈసారి దశమి వచ్చింది, ఎనిమిది రోజుల కిందటి తారీఖుతో.

పని అయింది. అరగంట కూడా పట్టలేదు.

శ్రీదుర్గకు ఏం చెప్పాలా అని ఫోను చేతిలోకి తీసుకుంది. ఫొటోకు పైన పాత మాటలు కనబడ్డాయి. వేలితో కిందికి లాగింది.

అధిక మాసం మొదట్లో శ్రీదుర్గ అడిగింది: 'అక్కయ్యగారూ, ఈ నెల లేదని వస్తోంది.' తన జవాబు: 'అధికంలో పెట్టరమ్మా, నిజంలో వస్తుంది.'

నిజ మాసం మొదలైన రెండో రోజు మళ్ళీ అడిగింది: 'మళ్ళీ లేదనే వస్తోందండి. వీలైతే ఒకసారి చూస్తారా?' తన జవాబు: 'పేజీలో ఎలా ఉంటే అంతేనమ్మా. అన్నీ సరిచూసే పెట్టాను.'

ఆ రోజు మేడ మీద వడియాలు పెట్టింది. కాటన్ చీర మీద సగం కూడా ఎండకుండానే రైసు మిల్లుల వైపు నుంచి మబ్బు కమ్ముకొస్తుంటే, మెట్లెక్కుతూ ఒక్క చేత్తో కొట్టిన జవాబు అది. కంప్యూటరు ముందు కూర్చుని చూసి ఉంటే రెండు నిమిషాల పని. దశమికి ఇంకా వారం ఉంది.

వరహాలక్ష్మి ఆ రెండు వాక్యాలూ చాలాసేపు చూసింది. సిగ్గుపడాల్సిన ఆలోచన ఒకటి అప్పుడే వచ్చింది. ఇప్పుడు పేజీ సరిగా వస్తోంది. 'మళ్ళీ తెరిచి చూడమ్మా, ఫోను పాతదేమో' అంటే శ్రీదుర్గ నమ్మేస్తుంది. పైగా క్షమించమని తనే అంటుంది. జంగారెడ్డిగూడెంలో ఆ ఇంట్లో మాత్రం నాలుగు అక్షరాలు చదవలేని కోడలిగా ఉండిపోతుంది. ఈ మెసేజ్ మొగుడికి చూపించి ఉంటే ఆ రోజే బయటపడేది. చూపించలేదంటే, వరహాలక్ష్మి పేరు బయటికి రాకుండా కాచిందన్నమాట.

స్కూటరు ఆగిన చప్పుడైంది. గోపాలకృష్ణమూర్తిగారు భుజాన సంచీతో లోపలికొచ్చి, బియ్యం, కొబ్బరిచెక్కలు వంటింటి గడప దగ్గర పెట్టారు.

"ఏవిటే అలా కూర్చున్నావు? పొయ్యి మీద ఏదైనా మాడుతోందేమో చూసుకో."

"ఏమీ మాడదండి. పొయ్యి వెలిగించలేదు."

ఆయన ఆమె మొహం చూసి ఎదురుగా బల్ల మీద కూర్చున్నారు. ఆమె అంతా చెప్పింది. రెండు మెసేజులూ చదివి వినిపించింది. ఆయన ఉత్తరీయంతో మెడ తుడుచుకుంటూ విన్నారు.

"ఇందులో ఇంత కంగారు పడాల్సిందేముంది?" అన్నారు చివరికి. "ఆటంకం వచ్చి తిథి తప్పితే బహుళ ఏకాదశి నాడు పెట్టుకోవచ్చు. ఇవాళ తదియ. ఇంకా ఎనిమిది రోజులుంది. ఉదయ్‌తో నేను మాట్లాడతాను. ఏదో ఆటంకం వచ్చింది నాయనా, ఏకాదశికి చేద్దాం అంటాను. అయిపోయింది."

"ఏం ఆటంకం అంటారు?"

"ఆటంకం అంటే ఆటంకమే. దానికి పేరేంటి?"

"దాని పేరు వరహాలక్ష్మి అండి."

ఆయనకు నవ్వు రాబోయి ఆగింది. "నువ్వు సరదాకి అనడం లేదు కదా?"

"లేదండి."

"చూడు వరహాలూ. మూడు వందల ఇళ్ళు మన మీద నమ్మకంతో ఉన్నాయి. కంప్యూటరు తిథి మింగేసిందని పదిమందికీ తెలిసిందనుకో. మొన్ననే అవతలి వీధి శాస్త్రిగారు, మీ ఇంట్లో మంత్రం మీది, యంత్రం మీ ఆవిడది అని నలుగురిలో నవ్వాడు. ఇప్పుడు ఆయనకి భోజనం పెట్టినట్టే. తప్పు దిద్దావు కదా, ఇంక చెప్పడం ఎందుకు?"

"దిద్దింది కంప్యూటర్లో అండి. వాళ్ళింట్లో దిద్దలేదు. అక్కడ ఆ పిల్ల ఎనిమిది రోజుల్నుంచి నా బదులు మాటలు పడుతోంది."

ఆయన ఉత్తరీయం మడిచి భుజాన వేసుకున్నారు. వీధిలో ధాన్యం లారీ ఒకటి గేరు మార్చుకుంటూ పోయింది.

"ఇదివరకు ఆ ఇంటికి నేనే ఉత్తరం రాసేవాణ్ణి," అన్నారు ఆయన. "వాళ్ళ నాన్న ఉండగా. పేజీ వచ్చాక మానేశాను. సరే, ఫోన్ చెయ్యి. నేనూ ఇక్కడే ఉంటాను."

ఆదివారం కాబట్టి ఉదయ్‌భాస్కర్ ఇంట్లోనే ఉన్నాడు.

"చెప్పండి వదినగారూ." గొంతులో కోపమూ లేదు, ఆదరమూ లేదు.

"ఉదయ్ గారూ, ఫోను అందరికీ వినబడేలా పెట్టండి. మీ అక్కయ్య పాపాయిగారు అక్కడే ఉన్నారా?"

"ఉంది. ఎందుకండి?"

"పెట్టండి, చెబుతాను. శ్రీదుర్గని కూడా రమ్మనండి."

గిన్నెల చప్పుడు ఆగింది. ఎవరో కుర్చీ జరిపారు.

"మీ అమ్మగారి తిథి లేదని రావడం నా తప్పండి," అంది వరహాలక్ష్మి. కాయితం మీద రాసుకున్నది ముందే ఉంది గాని దాన్ని చూడలేదు. "ఉగాదికి నేను సైట్లో ఒక మార్పు చేసి, పాత చిరునామా తీసేశాను. మీ ఫోన్లో ఉన్నది ఆ పాతదే. పేజీ దొరకనప్పుడు దొరకలేదని చెప్పాల్సింది, తిథి లేదని చెప్పేలా రాశాను. శ్రీదుర్గ సరిగ్గానే చదివింది. అనుమానం వచ్చి నన్ను రెండుసార్లు అడిగింది కూడా. రెండోసారి నేను చూడకుండానే అన్నీ సరిగా ఉన్నాయని జవాబిచ్చాను. అది ఆవిడ ఫోన్లోనే ఉంది, చూడండి."

ముందు పలికింది పాపాయి.

"అడిగావుటే నువ్వు? మరి నిన్నంతా నేను అన్ని మాటలంటుంటే చెప్పవేం?"

"అక్కయ్యగారి పేరు మధ్యలోకి ఎందుకని వదినా," అంది శ్రీదుర్గ, ఎక్కడో దూరంగా.

"బాగుంది మీ వరస." పాపాయి ఫోను దగ్గరికి వచ్చినట్టుంది. "ఏమండీ, మీరు చూడకుండా చెప్పడం ఏంటండి? మీ ఇంటి మాటంటే మాకు పంచాంగంతో సమానం కదా. మీరే అలా అంటే ఇంక మేము ఎవరిని అడగాలి?"

"చూడాల్సిందండి. చూడలేదు."

ఇంకేమైనా అంటుందేమోనని పాపాయి ఎదురుచూసింది. వరహాలక్ష్మి ఇంకేమీ అనలేదు. వడియాల సంగతి చెప్పలేదు, మబ్బు సంగతి చెప్పలేదు.

"మా అమ్మ తిథండి, వదినగారూ," అన్నాడు ఉదయ్‌భాస్కర్.

"అవునండి."

పరవాలేదని అతను అనలేదు. అంటాడని ఆమె అనుకోనూ లేదు. గోపాలకృష్ణమూర్తిగారు ముందుకు వంగి గొంతు సవరించుకున్నారు.

"ఉదయ్, నేను మాట్లాడుతున్నాను. నా తప్పూ ఉంది నాయనా, నేనూ కనుక్కోలేదు. బహుళ ఏకాదశికి పెట్టుకుందాం. నువ్వు మండపేట దాకా రానక్కర్లేదు. పట్టిసీమ రేవు మీకు దగ్గర, నేనే అక్కడికి వస్తాను. ఏమేం తీసుకురావాలో చెబుతాను, రాసుకో."

తర్వాత ఉదయ్‌భాస్కర్ గొంతు, ఫోనుకు కొంచెం పక్కకు తిరిగి: "దుర్గా, ఆ బల్ల మీద కాయితం, పెన్ను ఇటివ్వు."

"ఇదిగోండి," అని వినబడింది.

వరహాలక్ష్మి కళ్ళు మూసుకుంది. గోపాలకృష్ణమూర్తిగారు నువ్వులు, దర్భలు అంటూ ఒక్కొక్కటీ చెబుతుంటే, అవతల ఒకరు రాసుకుంటూ, మధ్యలో ఇంకొకరు అవి మనింట్లో ఉన్నాయండి అంటూ ఉన్నారు.

ఫోను పెట్టేశాక ఆమె లేవలేదు. పని ఇంకా ఉంది. దొరకని పేజీ ఎవరికి ఎప్పుడు వెళ్ళిందో సర్వరు తన చిట్టాలో రాస్తూనే ఉంటుంది. ఎవరూ ఫిర్యాదు చేయలేదని మూడు నెలలుగా ఆమె ఆ చిట్టా తెరవలేదు. ఇప్పుడు తెరిచి 404 ఉన్న వరసలన్నీ ఏరింది. ఉత్త జ్యేష్ఠం చిరునామాతో పదిహేడు ఇళ్ళు వచ్చి లేదనిపించుకుని వెళ్ళాయి. ఒక్కో నంబరూ భర్త జాబితాతో పోల్చి చూసింది. పద్నాలుగు ఇళ్ళవాళ్ళు వేరే దారిన వచ్చి రండి అని నొక్కారు, లేదా నేరుగా ఆయనకే ఫోన్ చేశారు. మిగిలినవి మూడు. ఒకటి ఉదయ్‌భాస్కర్ ఇల్లు. మిగతా రెండిళ్ళ తిథులూ ఇంకా రాలేదు. అందులో ఒకటి ఎల్లుండి.

తర్వాత పసుపు అంచు పేజీ తెరిచి, ఉన్నదంతా చెరిపేసింది. నమస్కారం ఒక్కటి ఉంచి, దాని కింద రాసింది: 'మీరు అడిగిన పేజీ దొరకలేదు. తిథి లేదని దీని అర్థం కాదు. లోపం మా వైపు ఉంది. వెంటనే ఫోన్ చేయండి.' కింద రెండు నంబర్లు పెద్ద అక్షరాల్లో పెట్టింది.

"మీ ఫోను తీయండి," అంది భర్తతో. "నేను చెప్పిన చిరునామాలు ఒక్కొక్కటే కొట్టండి. కొత్తవి కాదు, జనం దగ్గరున్న పాతవి."

"పన్నెండు మాసాలూనా?"

"పన్నెండూ. తర్వాత లేని మాసం పేరు ఒకటి కూడా కొట్టండి, ఏం వస్తుందో చూద్దాం."

ఆయన కళ్ళజోడు పెట్టుకుని చైత్రంతో మొదలుపెట్టారు. ఆయన కొట్టినప్పుడల్లా ఇటు చిట్టాలో ఒక వరస పడుతోంది. ఆమె దాన్ని చూసి, పుస్తకంలో మాసం పక్కన టిక్కు పెట్టి, తర్వాతిది అంటోంది. కార్తీకం దగ్గర ఆయన ఒక అక్షరం తప్పు కొట్టారు. లోపం మా వైపు ఉందని పేజీ వచ్చింది.

"తప్పు నాదైతే మాది అంటుందేంటే?"

"అననివ్వండి. మీరు ఫోన్ చేస్తారు కదా, అప్పుడు చూసుకోవచ్చు."

ఫాల్గుణం దాకా అయింది. పుస్తకంలో ఆ రోజు తారీఖు వేసి, ఏం తీసింది, ఏం చేర్చింది, ఎవరి తిథి తప్పింది, తను ఎవరికి ఏం జవాబిచ్చింది అన్నీ రాసింది. 'సరే' అని మాత్రం రాయలేదు. వేరే కాయితం తీసుకుని మిగిలిన రెండిళ్ళు రాసింది. భీమవరంలో పల్లంరాజుగారు, తండ్రి, బహుళ పంచమి, ఎల్లుండి. కాకినాడలో జీవరాజుగారు, తల్లి, బహుళ నవమి. పేర్ల పక్కన ఫోను నంబర్లు, వాటి కింద ఒక వాక్యం రాసి, కాయితం భర్త చేతికిచ్చింది.

ఆయన దాన్ని దూరంగా పట్టుకుని చదివారు.

"పేజీలో తిథి లేదని రావడం మా తప్పు," అని పైకి చదివి ఆగారు. "ఇది కూడా చెప్పాలా? వాళ్ళకింకా టైముంది కదా."

"ముందు అదే చెప్పండి. తర్వాత తిథి చెప్పండి."

గోపాలకృష్ణమూర్తిగారు కాయితం మోకాలి మీద పరుచుకుని, భీమవరం నంబరు ఒక్కో అంకే నొక్కారు.